మాటకు ఈసీ

సెంటు భూమి కొనాలన్నా ముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తాం. ఆ పొలం మీద ఎవరి పేరు ఉంది, తాకట్టు ఏమైనా ఉందా, మధ్యలో ఎవరికైనా రాసిచ్చారా అన్నది ఆ కాగితం చెబుతుంది. ఈసీ ఎలా తయారవుతుందో మాత్రం పెద్దగా ఎవరూ ఆలోచించరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రారు ఆఫీసులో సూచికలు ఉంటాయి. మొదటిదాంట్లో మనుషుల పేర్లు, రెండోదాంట్లో ఆస్తుల వివరాలు. ఈసీ కోసం వెతికేది దస్తావేజుల్ని కాదు, ఆ సూచికల్నే. రాసి, సంతకాలు చేసి, వేలిముద్రలు వేసిన దస్తావేజు బీరువాలో భద్రంగా ఉన్నా సరే, సూచికలోకి ఎక్కకపోతే ఈసీలో కనపడదు. కొనేవాడి లెక్కలో అది లేనట్టే.

రాసిన మాటకూ ఇప్పుడు అదే గతి పట్టింది. అచ్చయిందా అని అడిగేవాళ్లు తగ్గారు. గూగుల్లో కొడితే వస్తుందా అని అడుగుతున్నారు. రాకపోతే లేదనే అనుకుంటున్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పుట్టిన రాతకి ఈ ఈసీ తీయిస్తే ఏం వస్తుందో చూద్దామని నేను కొన్ని వారాలుగా కూర్చున్నాను. మొదలైంది మా మావయ్య కథతో.

మావయ్య ఆమదాలవలస దగ్గర పల్లెలో ఉంటాడు. బడిపంతులుగా రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు రాసిన కథ ఒకటి ఓ వారపత్రికలో అచ్చయింది. ఆ కత్తిరింపు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో, పాత ఎల్లైసీ డైరీ మధ్య ఉంది. కాగితం గోధుమరంగుకి తిరిగింది. మడత పడ్డచోట అక్షరాలు రెండుగా చీలాయి. ఆ పత్రిక పాత సంచికల్ని ఎవరో పుణ్యాత్ములు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారని తెలిసి ఫోను పట్టుకుని ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను.

కథలో నర్సమ్మ అనే మనిషి నోట ఒక వాక్యం ఉంది: ‘గుంటడికి జొరమొచ్చి మూడ్రోజులైంది, ఏటి సేత్తాం’. దాన్ని ఉన్నదున్నట్టు కొట్టి, అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టి వెతికాను. అలా పెడితే సెర్చ్ ఇంజిన్ ఆ మాటలు ఆ వరసలోనే ఉన్న పేజీలను చూపించాలి. ఒక్కటీ రాలేదు. గుర్తులు తీసేసి కొట్టాను. ఈసారి చాలా వచ్చాయి. నీటి గుంటల గురించి, ఏటి ఒడ్డు గురించి, జ్వరం వస్తే వేసుకోవాల్సిన మాత్రల గురించి. మన గుంటడు అక్కడెక్కడా లేడు.

‘‘ఏటి, దొరకలేదా?’’ అన్నాడు మావయ్య.

‘‘ఉంది మావయ్యా, ఉన్నచోటే ఉంది. కానీ దొరకదు,’’ అన్నాను.

ఉండటం వేరు, దొరకడం వేరు. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి.

సూచికలోకి ఎక్కే దారి

మనం గూగుల్లోనో బింగ్‌లోనో ఒక మాట కొట్టినప్పుడు ఆ యంత్రం ప్రపంచంలోని పేజీలన్నిటినీ అప్పటికప్పుడు చదవదు. చదవడం ముందే అయిపోతుంది. క్రాలర్లనే ప్రోగ్రాములు ఒక లింకు నుంచి ఇంకో లింకుకి పోతూ పేజీలు తెచ్చుకుంటాయి. తెచ్చిన పేజీలోని మాటల్ని విడదీసి, ఏ మాట ఏ ఏ పేజీల్లో ఉందో ఆ యంత్రం రాసి పెట్టుకుంటుంది. రిజిస్ట్రారు ఆఫీసు సూచిక లాంటిదే ఇదీ. మనం వెతికేది ఆ సూచికలోనే.

కాబట్టి ఒక రాత దొరకకపోవడానికి కారణం ఎక్కడైనా ఉండొచ్చు. ఆ పేజీకి దారి చూపే లింకే లేకపోవచ్చు. వచ్చిన క్రాలర్‌ని గుమ్మంలోనే ఆపేసి ఉండొచ్చు. లోపలికొచ్చి చూసినా చేర్చుకోకపోవచ్చు. చేర్చుకున్నా అందులో ఉన్నది అక్షరాలని దానికి తెలియకపోవచ్చు.

గుమ్మంలో ఆపడం సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అది నేను కళ్లారా చూశాను. మా ప్రాంతంలో ఓ సాహితీ సంస్థ చందాలు వేసుకుని సైటు పెట్టుకుంది. సభల నివేదికలు, వ్యాసాలు, పాత ఫొటోలు అన్నీ ఎక్కించారు. రెండేళ్లు గడిచినా సంస్థ పేరు కొడితే సైటు వచ్చేది కాదు. మనకెవరు విలువిస్తారులే అనుకుని ఊరుకున్నారు. చూడగా చూడగా తేలిందేమిటంటే, సైటు కట్టేటప్పుడు సెర్చ్ ఇంజిన్లను రానివ్వొద్దని చెప్పే చిన్న గడిలో టిక్కు పెట్టారు. కడుతున్నప్పుడు అలా పెట్టడం మామూలే. పూర్తయ్యాక తీయడం మర్చిపోయారు. ఆ ఒక్క టిక్కుతో రెండేళ్ల రాత చీకట్లో ఉంది. కార్యదర్శిగారు ఆ గడిని చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇందులో రెండు రకాల తాళాలున్నాయి, వీటిని కలిపేసుకుంటే చిక్కు. ఒకటి రోబోట్స్ ఫైలు. 1994లో మార్టైన్ కోస్టర్ అనే ఇంజినీరు ప్రతిపాదించిన పద్ధతి ఇది, 2022లో అధికారిక ప్రమాణంగా కుదురుకుంది. ఫలానా వైపు రావొద్దని క్రాలర్‌కి చెబుతుంది. రెండోది పేజీలో రాసే ‘నోఇండెక్స్’ గుర్తు. వచ్చి చదువుకో కానీ సూచికలో చేర్చకు అంటుంది. మొదటి తాళం వేస్తే రెండో గుర్తుని క్రాలర్ చూడనే చూడదు. అందుకే కొన్నిసార్లు దాచాలనుకున్న పేజీ చిరునామా బయటికి కనిపిస్తుంది, చూపాలనుకున్నది కనిపించదు.

మీ రాతకి ఈసీ తీయాలంటే పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఇంకెవరూ రాసి ఉండరనుకున్న వాక్యం ఒకటి, ఎనిమిది పది మాటలది, తీసుకుని కొటేషన్ గుర్తుల మధ్య వెతకండి. ఒక సైటులోంచి ఏమేం చేరాయో చూడాలంటే ఇంగ్లిష్ అక్షరాల్లో ‘సైట్’ అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, ఖాళీ వదలకుండా సైటు పేరు రాస్తే చాలు. అయితే దీన్ని తుదితీర్పు అనుకోవద్దు. చేరిన పేజీలన్నిటినీ చూపిస్తుందన్న హామీ లేదని గూగులే చెబుతుంది. సైటు మీదే అయితే సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సదుపాయం ఉంది. అందులో పేజీ చిరునామా ఇస్తే చేరిందో లేదో, చేరకపోతే ఎందుకో కూడా చెబుతుంది. కొన్నిటికి ‘తెలుసు, ఇంకా చూడలేదు’ అన్న అర్థంలో, ఇంకొన్నిటికి ‘చూశాం, ప్రస్తుతానికి చేర్చలేదు’ అన్న అర్థంలో జవాబొస్తుంది. రెండో జవాబు చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ అది కొట్టివేత కాదు. దారి చూపే లింకులు పెరిగితే, పేజీలో చదవదగ్గ సరుకు ఉంటే మారే అవకాశం ఉంది.

బొమ్మలైపోయిన అక్షరాలు

మావయ్య కథ విషయంలో తాళమేమీ లేదు. అసలు గొడవ వేరు. స్కాన్ చేసిన పేజీ మన కంటికి అక్షరాలు, యంత్రానికి ఒక ఫొటో. దాంట్లో గుంటడూ లేడు, జొరమూ లేదు. తెలుపు మీద నలుపు మరకలున్నాయి. ఆ మరకల్ని అక్షరాలుగా చదివించే ఓసీఆర్ పద్ధతి తెలుగుకీ వచ్చింది. పాత అచ్చు దగ్గర మాత్రం ఇంకా తడబడుతుంది. మావయ్య కత్తిరింపుని ఫొటో తీసి ఓసీఆర్‌కి ఇస్తే మ ఉన్నచోట వు వచ్చింది, ప వ అయింది. మడత మీదున్న వరస మొత్తం ఎగిరిపోయింది. మనిషి కూర్చుని దిద్దాల్సిందే.

ఇంతకంటే బాధపెట్టేది ఫాంట్ల సంగతి. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఏ డీటీపీ సెంటర్‌కి వెళ్లినా ఇన్నేళ్లూ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే పని నడిచింది. శుభలేఖల నుంచి కవితా సంపుటాల దాకా, గ్రంథాలయ వార్షికోత్సవ సంచికల నుంచి పెద్దల సంస్మరణ సంచికల దాకా అలా తయారైనవే. తెరమీద, కాగితం మీద చక్కటి తెలుగు. లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ చిత్రవిచిత్రమైన గుర్తులూ. అన్ని భాషల అక్షరాలకీ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ చోటుంది. మన అచ్చుపని ఆ దారిలోకి రావడానికి ఏళ్లు పట్టింది, ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

దీనికో పరీక్ష ఉంది, ఫోన్లోనే చేయొచ్చు. మీ దగ్గరున్న తెలుగు పీడీఎఫ్‌లోంచి ఒక వరస కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగు వస్తే సరే. పిచ్చి గుర్తులు వస్తే సెర్చ్ ఇంజిన్‌కి కనిపించేదీ అవే. వేలితో వరసని ఎంచుకోవడమే కుదరకపోతే అది ఫొటో అన్నమాట. మా ఇంట్లో దాచుకున్న పీడీఎఫ్‌లు పన్నెండు ఇలా పరీక్షించాను. రెండే రెండు నెగ్గాయి. మిగతా పదింట్లో ఒకటి మా ఊరి గుడి చరిత్ర. దాన్ని రాసిన పెద్దాయన ఇప్పుడు లేరు.

పేర్లే అడ్డం

అక్షరాలు సరిగ్గా ఉన్నా మన జిల్లాలకి ఇంకో చిక్కు ఉంది. పేర్లు.

విజయనగరం అని కొడితే హంపీ వస్తుంది. తెలుగులో మన విజయనగరానికీ తుంగభద్ర ఒడ్డునున్న విజయనగరానికీ ఒకే రాత. శ్రీకాకుళం చరిత్ర అని కొడితే కృష్ణా తీరాన ఘంటసాల దగ్గరున్న శ్రీకాకుళం, అక్కడి ఆంధ్రమహావిష్ణువు గుడి అడ్డొస్తాయి. ఆముక్తమాల్యద రాయమని కృష్ణదేవరాయలకి కలలో దేవుడు చెప్పింది ఆ ఊళ్లోనే. అంటే మన రెండు జిల్లాల పేర్లూ వెతికేవాణ్ని చివరికి ఆ ఒక్క రాయలవారి దగ్గరికే తీసుకెళ్తున్నాయి. ఆయన మీద మనకి గౌరవం ఉంది. కానీ మన నాగావళి, మన చంపావతి ఆ గుంపులో వెనకబడిపోతున్నాయి.

ఇంగ్లిష్‌లో వెతికితే ఇంకో తంటా. దొరల కాలం కాగితాల్లో శ్రీకాకుళం ‘చికాకోల్’. 1936కి ముందు ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో చాలా భాగం గంజాం జిల్లా కింద ఉండేది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. వందేళ్ల కిందటి మన ఊరి సంగతి కావాలంటే ఇప్పటి పేరు కొట్టి లాభం లేదు. క్రికెట్ చరిత్రలోనూ అంతే. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి నాయకుడైన మన విజ్జీ, రికార్డుల్లో ‘విజియానగ్రం’ మహారాజ్‌కుమార్. ఒక అక్షరం తక్కువ.

అక్షరభేదం ప్రాణాలకి సంబంధించిన చోట కూడా అడ్డుపడుతోంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఏళ్ల తరబడి మనుషుల్ని తినేస్తున్న కిడ్నీ జబ్బు గురించి ఇంగ్లిష్‌లో పరిశోధన పత్రాలు తేలిగ్గానే దొరుకుతాయి. తెలుగులో వెతకబోతే ఆ ప్రాంతం పేరునే కొందరు ఉద్దానం అని, కొందరు ఉద్ధానం అని రాస్తున్నారు. ఒత్తు ఒకటి తేడా. యంత్రం కొన్నిసార్లు రెండూ ఒకటేనని పట్టుకుంటుంది, కొన్నిసార్లు పట్టుకోదు. డయాలసిస్‌కి వెళ్లొచ్చిన మనిషి ఫోన్లో తన భాషలో అడిగే ప్రశ్నకి జవాబు దొరకాలి కదా. ఆ జవాబు రాసేవాళ్లు రెండు రాతలూ పేజీలో ఉండేలా చూసుకుంటే నేరమేమీ కాదు.

ఇక యాస. మనకి ‘ఏటి’ అంటే ఏమిటి. మిగతా తెలుగువాళ్లకి అది ఏరు అనే మాటకి ఇంకో రూపం. గుంటడంటే మనకి మగపిల్లాడు, గుంట అంటే ఆడపిల్ల; బయట గుంట అంటే గొయ్యి. విజయనగరంలో కూర్చుని గురజాడ రాసిన నాటకమూ, ఇక్కడి పల్లెల నోట వినిపించే మాటా, ఆ మాటతో రాసిన కథలూ నవలలూ ఈ నుడికారం మీదే నిలబడ్డాయి. యంత్రానికి మన యాస తెలియకపోవడం దాని తప్పు కాదు. దానికి చదువుకోవడానికి మనం యాసలో పెట్టిన అక్షరాలు తక్కువ.

ఈ మాట అనుకున్నప్పుడల్లా గిడుగు రామమూర్తి పంతులు గుర్తొస్తారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, లిపి లేని సవర భాషని సవరల దగ్గరే కూర్చుని నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఆ వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. సవర కోసం మంగెయి గొమాంగో 1936లో చేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. సీతంపేట కొండల్లో పాడుకునే సవర పాటని ఎవరైనా తెలుగు అక్షరాల్లో రాసిపెడితే, తెలుగు తప్ప మరోటి తెలియని యంత్రం దాన్ని తప్పుల తెలుగనే అనుకుంటుంది.

కారా మాస్టారి పట్టిక

సెర్చ్ ఇంజిన్ అంటే ఏమిటో చాలామందికి తెలియకముందే శ్రీకాకుళంలో ఒక మనిషి ఆ పని చేతులతో మొదలుపెట్టాడు. కాళీపట్నం రామారావు, మనకి కారా మాస్టారు. మురపాకలో 1924లో పుట్టి, విశాఖలో బడిపంతులుగా చేసి, ‘యజ్ఞం’ లాంటి కథ రాసిన మనిషి. ‘యజ్ఞంతో తొమ్మిది’కి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వస్తే ఆ డబ్బుని కథానిలయం అనే గ్రంథాలయానికి పెట్టుబడి చేశారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో దాని తలుపులు తెరుచుకున్నాయి.

తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆయన కోరిక. గొప్ప కథలు మాత్రమే అనలేదు, ప్రతి కథా అన్నారు. నన్ను కదిలించేది ఆ మాటే. మంచిదేదో ముందే తేల్చేసి దాన్నే దాచుకునే వాళ్లు చాలామంది ఉంటారు. ముందు అన్నిటినీ పట్టికలోకి ఎక్కిద్దాం, మంచి చెడ్డలు చదివేవాళ్లు తేల్చుకుంటారు అనడానికి పెద్ద మనసు కావాలి. సొంత రచన పక్కన పెట్టి ఆయన ఉత్తరాలు రాశారు, ఊళ్లు తిరిగారు, పాత పత్రికల కట్టలు మోయించారు.

పట్టిక అంటే తేలిక పని అనిపిస్తుంది. చేసి చూస్తే తెలుస్తుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రీ, రావిశాస్త్రీ ఒక మనిషేనని పట్టికకి చెప్పాలి. శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడ్డ చాగంటి సోమయాజులుని చాసో అని వెతికినా దొరికేలా చేయాలి. మారుపేర్లతో రాసినవాళ్లు, మగపేర్లతో రాసిన ఆడవాళ్లు, ఆడపేర్లతో రాసిన మగవాళ్లు ఉన్నారు. ఒకే కథ పత్రికలో ఒక పేరుతో, సంపుటిలో ఇంకో పేరుతో వస్తుంది. ఈ ముడులన్నీ విప్పితేనే వెతికినవాడికి కథ చేతికొస్తుంది.

ఇప్పుడు కథానిలయం సైటులో కథల పేర్లు, రచయితల పేర్లు, పత్రికల పేర్లు పట్టి వెతకొచ్చు. మనసు ఫౌండేషన్ వాళ్లు తోడై స్కానింగు పని ముందుకు నడిపారు. పేరు తెలిస్తే కథ దొరుకుతుంది. కానీ కథలు స్కాన్ రూపంలో ఉన్నాయి కాబట్టి, పేరు మర్చిపోయి ఒక్క వాక్యం మాత్రమే గుర్తున్న పాఠకుడికి ఇంకా దారి లేదు. మాస్టారు సగం దారి వేసి 2021 జూన్ 4న వెళ్లిపోయారు. మిగతా సగం మనది.

పట్టిక ఎంత పని చేస్తుందో చెప్పడానికి మన ప్రాంతానికే తగిలే ఉదాహరణ ఉంది. 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ తొలి తెలుగు కథ అని దశాబ్దాల పాటు చదువుకున్నాం. విజయనగరానికి అదో గర్వం. తర్వాత పరిశోధకులు పాత పత్రికలు తిరగేస్తే, 1902లో ‘హిందూ సుందరి’లో భండారు అచ్చమాంబ రాసిన ‘ధన త్రయోదశి’ బయటపడింది. ఆ కథ ఎక్కడికీ పోలేదు. పత్రికలో ఉంది, పత్రిక బీరువాలో ఉంది. పట్టికలో లేదు. అందుకే ఒక స్త్రీ రాసిన కథ అన్నేళ్లు లేనట్టే లెక్కలో ఉండిపోయింది. గురజాడ కథ విలువ దీంతో అణువంత తగ్గలేదు. అచ్చమాంబకి రావాల్సిన చోటు మాత్రం ఆలస్యంగా వచ్చింది. ఆవిడ 1905లోనే చనిపోయారు.

గోడల వెనక

పాతవాటి సంగతి ఇది. కొత్తవాటి సంగతి అంతకన్నా కలవరపెడుతోంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. ఆ రాత్రి ఎలా గడిచిందో అనుభవించినవాళ్లు రాశారు. వాయిస్ మెసేజీలు పెట్టారు, పద్యాలు కట్టారు. అవన్నీ వాట్సాప్ గ్రూపుల్లో ఉండిపోయాయి. ఆ గోడల్లోకి ఏ క్రాలరూ రాదు. రాకూడదు కూడా, అది ఆంతరంగిక సంభాషణ. ఫోను మారితే, నిండిపోయిందని మెసేజీలు తుడిచేస్తే, అంతటితో సరి. రేపు ఒక పిల్ల కాలేజీలో తిత్లీ గురించి రాయాలని వెతికితే వార్తాకథనాలు వస్తాయి, నష్టం అంచనాలు వస్తాయి. వాళ్ల నాన్న ఆ రాత్రి రాసుకున్న నాలుగు మాటలు రావు.

అన్నీ బయట పెట్టమని నేను అనడం లేదు. ఎవరి ఆధార్ నంబర్లో, ఫోన్ నంబర్లో ఉన్న జాబితా పీడీఎఫ్‌లు తెలియకుండా సూచికలోకి ఎక్కితే అదీ ప్రమాదమే. మీ పేరు, మీ ఫోన్ నంబరు విడివిడిగా కొటేషన్లలో పెట్టి ఏడాదికోసారి వెతికి చూసుకోండి. దొరకాల్సింది దొరుకుతోందా, దొరకకూడనిది దొరుకుతోందా, రెండూ చూసుకోవాలి.

మళ్లీ మావయ్య అరుగు మీదికి వస్తాను. కథని ఆయన చదువుతుంటే మా మేనకోడలు ఫోన్లో టైపు చేసింది. సాయంత్రానికి పూర్తయింది. అందరికీ తెరిచి ఉండే పేజీ ఒకటి తయారు చేసి పెట్టాను, సెర్చ్ కన్సోల్లో చిరునామా ఇచ్చాను. రోజూ పొద్దున్న టీ తాగుతూ మావయ్య ఫోను చేసేవాడు. ‘‘ఎక్కిందేట్రా?’’ పదకొండో రోజున కన్సోల్ ఎక్కిందని చెప్పింది. పరుగున వెళ్లాను.

ఆయన పక్కనే కూర్చుని అదే వాక్యం కొటేషన్లలో కొట్టాను. రాలేదు. పేజీ చేరింది, కథ పేరు కొడితే వస్తోంది, ఈ వాక్యం మాత్రం రావడం లేదు. మావయ్య కళ్లజోడు తెచ్చుకుని తెరమీద కథని వరసవరసగా వేలుతో చదువుకుంటూ వెళ్లాడు. మధ్యలో ఆగాడు.

‘‘ఇదుగో. జొరం కాదిక్కడ, జ్వరం అనుంది. అది జ్వరం అనదురా, నర్సమ్మ. దానికి జొరమే.’’

మేనకోడలు టైపు చేస్తుంటే ఫోను తనంతట తాను దిద్దేసింది. జొరం అక్కడ జ్వరం అయింది. సేత్తాం అన్నది చేస్తాం అయింది. ఇద్దరం కలిసి మొదటినుంచి చదివి ఇరవై మూడు చోట్ల యాసని మళ్లీ యాసగా మార్చాం. క్రాలర్ మరోసారి వచ్చి కొత్త అక్షరాలు చూసుకునే దాకా సూచికలో పాతవే ఉంటాయి. మావయ్యకి ఆ మాట చెప్పాను.

‘‘వస్తాదిలే,’’ అన్నాడు. డైరీ తెరిచి, తారీఖు వేసి, కింద ఆ వాక్యాన్ని తన చేత్తో ఇంకోసారి రాసుకున్నాడు.